ముందు చెమ్మ, తర్వాతే చెద

మా అమ్మ వారపత్రికల్లో సీరియళ్ళు చింపి, మందపాటి దారంతో కుట్టి, పాత క్యాలెండరు అట్టలు వేసి బైండ్లు చేసుకునేది. యద్దనపూడి నవలలవి కొన్ని, మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ పేజీలవి లావుపాటి కట్ట ఒకటి. ఆవిడ పోయాక అవి రాజమండ్రిలో మా ఇంటికి చేరాయి. మూడేళ్ళ కిందట సంక్రాంతికి ఇల్లు దులుపుతూ గోడ అలమర కింది అర తెరిస్తే అట్టలు అట్టల్లాగే ఉన్నాయి గానీ లోపల కాగితం లేదు. మట్టి ఉంది. ప్రమదావనం కట్ట ఎత్తితే ఖాళీ అగ్గిపెట్టెలా తేలిపోయి చేతిలోకి వచ్చింది. మర్నాడు భోగిమంటలో వేశాను. పిల్లలు పాత కుర్చీ కాళ్ళు తెచ్చి వేస్తుంటే నేను మా అమ్మ అట్టలు వేశాను.

పండగ వెళ్ళాక అందరూ చేసే పనే నేనూ చేశాను. పెస్ట్ కంట్రోలు వాళ్ళకి ఫోను కొట్టాను. ఇద్దరు కుర్రాళ్ళు వీపుకి డబ్బా తగిలించుకుని వచ్చి, అలమర లోపలా బయటా, గుమ్మాలకీ మందు కొట్టి ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోయారు. ఆరువేల అయిదొందలు. ఏడాది గ్యారంటీ అని ఓ రంగు కాగితం చేతిలో పెట్టారు. అయిదో నెలలో అదే గోడకి అదే మట్టి గీత. ఫోను చేస్తే, పాపం, గ్యారంటీ ప్రకారం వచ్చి మళ్ళీ కొట్టారు. మూడోసారి గీత కనబడ్డప్పుడు నేను పిలవలేదు. ఎందుకంటే ఈలోపు గోడ మీద పెయింటు చూశాను.

అలమర పక్కన, నేలకి జానెడు ఎత్తులో పెయింటు పొక్కులు లేచింది. గోటితో గీకితే తెల్లగా ఉప్పులాంటి పొడి రాలింది. ఆ గోడకి అవతల స్నానాలగది. 1994లో కట్టిన ఇల్లు మాది, గోడలో పాతేసినవి అప్పటి జి.ఐ. పైపులు.

నా ఫిర్యాదంతా ఇక్కడే. పురుగు కనబడగానే మనం మందు కొంటాం. ఆ పురుగుని పిలిచిన చెమ్మనీ, దానికి దారిచ్చిన కన్నాన్నీ ముట్టుకోం. మందు కొనడం తేలిక, కన్నం వెతకడానికి మోకాళ్ళ మీద కూర్చోవాలి. మన ఇళ్ళని ఎక్కువగా తినే చెద నేలలో కాపురం ఉంటుంది. దాని ఒళ్ళు మెత్తన, గాలి తగిలితే ఎండిపోతుంది. అందుకే మట్టీ ఉమ్మీ కలిపి గొట్టం కట్టుకుని ఆ చాటున నడిచి వచ్చి మేసి పోతుంది. చెక్క మీద మందు కొడితే ఆ పూట మేతకొచ్చినవి చస్తాయి. మట్టి కింద రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది. మా గోడలో దానికి మేతతోపాటు నీళ్ళు కూడా నేనే సరఫరా చేస్తున్నానన్నమాట.

నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో తేల్చడానికి ప్లంబరు అక్కర్లేదు, ఒక కర్ర చాలు. రాత్రి పదకొండింటికి కుళాయిలన్నీ కట్టేసి, డాబా ఎక్కి ట్యాంకులో కర్ర ముంచి, తడి ఎంతదాకా వచ్చిందో పెన్సిలుతో గీత గీశాను. పొద్దున్నే ఎవరూ లేవకముందు మళ్ళీ ముంచితే నాలుగు వేళ్ళు తగ్గింది. రెండో రాత్రి వంటింటి గేట్ వాల్వు కట్టేసి చూశాను. మళ్ళీ నాలుగు వేళ్ళు. మూడో రాత్రి స్నానాలగది వాల్వు కట్టేశాను. తెల్లారి నీళ్ళు గీత మీదే ఉన్నాయి. ఆ మూడు రాత్రులూ మావారు నన్ను దొంగని చూసినట్టు చూశారు.

ప్లంబరు “ఆయ్, రేప్పొద్దున్నే వచ్చేత్తానండమ్మా” అని నాలుగు పొద్దుల తర్వాత వచ్చాడు. ఫలానా గోడ, ఫలానా పొక్కుల పక్కన అని చూపిస్తే రెండంటే రెండే టైల్స్ పగలగొట్టాడు. ఎల్బో తుప్పు పట్టి సూదిమొనంత చిల్లు పడింది. “మీరు చెప్పకపోతే ఈ గోడంతా తవ్వుండేవాణ్ణండి” అన్నాడు. తవ్వితే కూలీ కూడా ఆ లెక్కనే ఉండేదని ఆయన చెప్పలేదు, నాకు తెలుసు. పాత ముక్క కోసేసి సిపివిసి పైపు వేశాడు. ఆరు వారాలు ఫ్యాను పెట్టి గోడ ఆరబెట్టాను.

అంతటితో చెద పోయిందని చెబితే అబద్ధమవుతుంది. మట్టి గొట్టాన్ని మధ్యలో రెండంగుళాలు చిదిపి వదిలేస్తే, లోపల చెద బతికి ఉంటే నాలుగైదు రోజుల్లో మళ్ళీ కట్టుకుంటుంది. మా గోడ మీద కట్టుకుంది. ఇంకో మనిషిని పిలిచి, మందు పేరు అడక్కుండా, నేలా గోడా కలిసేచోట డ్రిల్ చేస్తారా చెయ్యరా అని అడిగాను. కట్టేసిన ఇళ్ళలో చెద వైద్యానికి ఐఎస్ 6313 మూడో భాగం అని ఓ జాతీయ ప్రమాణమే ఉంది. గోడ మొదట్లో అడుగుకొకటి చొప్పున, చిటికెనవేలి లావున కన్నాలు వేసి మందునీళ్ళు కింద మట్టిలోకి దింపాలి. ఇరవై శాతం క్లోర్‌పైరిఫాస్ లీటరుకి పంతొమ్మిది లీటర్ల నీళ్ళు కలిపితే ఒక శాతం అవుతుంది, కావలసింది అదే. కుర్చీ వేసుకు కూర్చుని ఆ లీటరు లీటరుగానే పడిందో లేదో చూశాను. ఆ అబ్బాయికి చిరాకేసింది. వేస్తే వేసింది. పెరట్లో నుయ్యి ఉంది, ఆ వైపు గోడకి మాత్రం వద్దన్నాను. తర్వాత కన్నాలు వైట్ సిమెంటుతో నేనే పూడ్చాను.

ఇంగువ నీళ్ళు, ఉప్పు నీళ్ళు చల్లండని ఫోన్లో వీడియోలు పంపే బంధువులు నాకూ ఉన్నారు. వాళ్ళ మీద కోపం లేదు. మా నాన్నగారు కిరసనాయిలు పోసేవారు. తగిలినవి చచ్చేవి, తగలనివి పక్క గుమ్మం ఎక్కేవి.

నాన్నగారు ధవళేశ్వరంలో ఫిట్టరు. కుళాయి విప్పి వాషరు మార్చడం నాకు పదేళ్ళప్పుడే నేర్పారు. నేను ముప్పై ఆరేళ్ళు తపాలా శాఖలో చేశాను. మావారు ఫిజిక్సు లెక్చరరు. నీటి పీడనం మీద గంట పాఠం చెప్పగలరు గానీ పానా ఏ వైపు తిప్పితే కుళాయి ఊడుతుందో తెలియదు. పెళ్ళయిన కొత్తలో నేను స్నానాలగదిలో పానా పట్టుకుని కూర్చుంటే మా అత్తగారు వీధి తలుపు వేసేసి వచ్చారు, ఎవరైనా చూస్తారని. మన చదువుకున్న ఇళ్ళలో ఈ నామోషీ ఇంకా పోలేదు. చేత్తో పని చేసేవాళ్ళది ఒక కులం, చేయించుకునేవాళ్ళది ఇంకో కులం అన్న పాత లెక్కే దీని అడుగున ఉందని నా అనుమానం. పని తెలియనివాడు పనివాణ్ణి గౌరవించనూ లేడు, నిలదీయనూ లేడు. ఆ ఇరవై నిమిషాల స్ప్రేకి నేను నోరెత్తకుండా డబ్బిచ్చింది చెద సంగతి నాకు తెలియకే కదా.

సెకనుకో చుక్క కారే కుళాయి కింద ఓ రాత్రి బకెట్టు పెట్టాను. పదింటి నుంచి ఆరింటిదాకా ఏడు లీటర్లు వచ్చాయి. రోజంతా అయితే ఇరవై పైమాటే. పాతకాలపు కుళాయికి దాని మందు రబ్బరు వాషరు. గేట్ వాల్వు కట్టి, తల విప్పి, పాత వాషరు జేబులో వేసుకుని కొట్టుకి వెళ్తే సరిగ్గా ఆ సైజుది ఇస్తాడు. సైజు నోటితో చెప్పి తెచ్చుకుంటే మాత్రం రెండుసార్లు తిరగాలి, నేను తిరిగాను.

బొద్దింకలదీ చాలామటుకు నీళ్ళ కథే. మా అమ్మాయి హైదరాబాదులో కొత్త ఫ్లాటు కొనుక్కుంది. చుట్టాలకని ఉంచిన స్నానాలగది ఎవరూ వాడరు, ఎర్రటి పెద్ద బొద్దింకలు మాత్రం అందులోంచే వస్తాయి. నేల మీద జాలీ కింద ఉండే నహానీ ట్రాపులో నీళ్ళు నిలిచి ఉంటేనే కింది గొట్టానికీ మనకీ అడ్డు. నెల్లాళ్ళు వాడకపోతే ఆ నీళ్ళు ఆరిపోయి దారి తెరుచుకుంటుంది. వారానికో చెంబు నీళ్ళు పొయ్యమన్నాను. “అంతేనా అమ్మా?” అంది, ఏదో తక్కువైనట్టు. వంటింట్లో తిరిగే చిన్నజాతి వేరు. అది గుడ్ల తిత్తిని ఒంటికి అంటిపెట్టుకుని తిరుగుతుంది, ఒక్కో తిత్తిలో ముప్పై నలభై పిల్లలు. దానికి జెల్ మంచిది. కందిగింజంత చుక్కలు తలుపు మడతల దగ్గర, సింకు కింద పెట్టాలి. తిన్నది గూట్లోకి పోయి చస్తే దాన్ని తిని మిగతావీ చస్తాయి. అయితే మా అమ్మాయి పొద్దున జెల్ పెట్టి సాయంత్రం స్ప్రే కూడా కొట్టింది. స్ప్రే వాసనకి బొద్దింక ఆ చుక్కల జోలికే రాదు. డబ్బులు రెండు విధాలా పోయాయి.

ఇక ఎలుకలు. వీటి దగ్గర నేను సరదాగా మాట్లాడలేను. పెన్సిలు పట్టే కన్నంలోంచి చిట్టెలుక దూరుతుంది. పైపు గోడలోకి వెళ్ళేచోట ఉండే ఆ సందులో స్టీలు పీచు కుక్కి సిమెంటు పూస్తే కొరకలేదు. పెరటి గోడ మొదట్లో తవ్వే పందికొక్కుకి (ఇంగ్లీషువాళ్ళ బాండికూట్ మన ఈ మాటలోంచే పుట్టింది) మా తాపీ మేస్త్రి పగిలిన సీసా పెంకులు సిమెంటులో కలిపి బొరియ మూసేవాడు. అదే చవకైన, చావులేని మందు. అదేమిటోగానీ జనం పచారీ కొట్టుకి పోయి, ధాన్యంలో పెట్టే బిళ్ళలు కాగితంలో పొట్లం కట్టించుకుని తెచ్చుకుంటారు. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో చెమ్మ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. బిళ్ళ పెట్టిన గది తలుపు మూసినంత మాత్రాన ఆగదు, సందుల్లోంచి పక్కగదిలో నిద్రపోయే పిల్లల దాకా పోతుంది. దానికి విరుగుడు లేదు. ప్రభుత్వ సంస్థలూ, అనుమతి పొందిన పెస్ట్ కంట్రోలు వాళ్ళూ తప్ప ఇంకెవరూ వాడకూడదన్న నిబంధన ఉంది, కొట్టులో చక్కెర పక్కన అది అమ్ముడుపోతూనే ఉంది. పసుపు భాస్వరం కలిపిన ఎలుకల పేస్టూ అంతే. మింగిన మనిషి మొదట్లో బాగానే ఉన్నట్టుంటాడు, రెండు మూడు రోజుల్లో కాలేయం పోతుంది. సొంతపని నేర్చుకోమని ఊరంతా చెప్పే నేను ఇక్కడ మాత్రం చెయ్యి పెట్టొద్దనే అంటాను. అమ్మేవాళ్ళ మీద అధికారులు దాడి చెయ్యడానికి ఇంకో ఇంట్లో పిల్లలు పోవాలా?

పురుగుమందు డబ్బా మీద వజ్రం ఆకారంలో ఓ గుర్తుంటుంది. అందులో కింది సగం రంగు చూడండి. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మా వీధిలో పదిమందిని అడిగాను. ఒక్కరికే తెలుసు, ఆయన రైతు.

కరెంటు పని కూడా నేను ముట్టుకోను. బల్బు మారుస్తాను, నెలకోసారి మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి అది పడిపోతోందో లేదో చూస్తాను. అంతకు మించి స్క్రూ విప్పను.

మొన్న తొలకరి జల్లుకి రాత్రి ఉసిళ్ళు లేచాయి. అవీ చెదలే, రెక్కలొచ్చి కొత్త కాపురాలు వెతుక్కోవడానికి బయల్దేరినవి. మావారు కంగారుపడి, “ఏమోయ్, మళ్ళీ వచ్చేసింది” అన్నారు. ఇంట్లో లైట్లార్పి వీధిలైటు వైపు చూడమన్నాను. అన్నీ అటు పోయాయి. బయటినుంచి వెలుగుకి వచ్చినవైతే భయం లేదు, గోడలోంచో గుమ్మంలోంచో బయటికొస్తేనే లెక్క. అయినా టార్చి పట్టుకుని అలమర వెనక చూశాను. మందు దింపించాక మట్టి గొట్టం మళ్ళీ చిదిపిన చోట అప్పట్లో తేదీ వేసి పెన్సిలుతో చుట్టూ గీసి ఉంచాను. ఆ సున్నా ఇంకా ఖాళీగానే ఉంది. పొద్దున్నే రెక్కలు చేటెడు ఊడ్చాను.