ఇల్లు విప్పి అమ్మబడును!

కిందటి నెలలో గుంటూరు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. డల్లాసులో కూతురి దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చారట. అమెరికాలో ఆవిడకు అన్నిటికంటే నచ్చింది నయాగరా కాదు, హాలీవుడ్డూ కాదు... 'ఎస్టేట్ సేల్' అట!

తెలియని వారి కోసం రెండు ముక్కలు. అక్కడ ఇంటి పెద్దలు కాలం చేసినా, ముసలివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వృద్ధాశ్రమానికి వెళ్ళిపోయినా, ఉన్న సామానంతా ఆ ఇంట్లోనే అమ్మకానికి పెడతారు. సాధారణంగా శుక్రవారం మొదలై ఆదివారంతో సరి. తెల్లారకముందే గుమ్మం ముందు క్యూ, చేతికో నంబరు. పియానో నుంచి వంటింటి గరిటె దాకా ప్రతిదానికీ ధర చీటీ. మొదటి రోజు బేరం ఉండదు, మూడో రోజుకి చాలా చోట్ల సగానికి సగం. అమ్మిపెట్టే కంపెనీ తన వాటా పట్టుకుని మిగతాది వారసుల చేతిలో పెడుతుంది. చెంచా కొన్నా కొనకపోయినా ఇల్లంతా తిరిగి చూడొచ్చు! "పరాయివాళ్ళ పాత ఇళ్ళు చూడడంలో ఉన్న సరదా ఇంకెందులోనూ లేదండీ. మన దేశంలో ఇలాంటిది ఎందుకు లేదు?" అని ఆవిడ ప్రశ్న.

ఎందుకు లేదమ్మా, ఉంది! కాకపోతే మనవాళ్ళు సామానుతో ఆగరు. గుమ్మాలు, స్తంభాలు, దూలాలు... ఏకంగా ఇంటినే విప్పి అమ్మేస్తారు. చూడాలని ఉంటే మద్రాసు ఎగ్మూరులో పల్లవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కారైకుడిలో దిగండి. (చెన్నై అనడానికి నాకింకా నోరు తిరగదు. మన్నించాలి.)

సినిమా వాళ్ళకు కారైకుడి పరాయి ఊరేం కాదు. ఏవీయం మెయ్యప్ప చెట్టియార్ గారి సొంత ఊరది. ఆ పక్కనే దేవకోట్టై రస్తాలో ఆయన స్టూడియో నడిపారు. 1947లో విడుదలైన తమిళ చిత్రం 'నామ్ ఇరువర్' అక్కడ తీసిందే. 1948లో మకాం కోడంబాకానికి మార్చారు. తర్వాత సంగతి మీకు తెలిసిందే. ఇక 2000లో వచ్చిన 'ప్రియురాలు పిలిచింది'లో అక్కాచెల్లెళ్ళు వదిలిపెట్టి వెళ్ళే ఆ పెద్ద ఇల్లు గుర్తుందా? అది కూడా ఆ ప్రాంతపు ఇల్లే.

చెట్టినాడు అనగానే కోడికూర ఒక్కటే గుర్తొచ్చేవాళ్ళకు కాస్త చరిత్ర. అక్కడి నగరత్తార్లు, అంటే మనం నాట్టుకోట చెట్టియార్లు అనేవాళ్ళు, బర్మా, మలయా, సింహళం వెళ్ళి వడ్డీ వ్యాపారం చేశారు. దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో 1930 నాటికి నూటికి ఆరు పాళ్ళ పొలం వీళ్ళ చేతిలో ఉండేది. 1938 నాటికి పాతిక పాళ్ళయింది. అప్పు తీర్చలేని రైతుల భూములవి. ఆ ఇళ్ళ మెరుపు వెనక బర్మా రైతు కన్నీరు కూడా ఉంది, దాచడమెందుకు? 1942లో జపాను వాళ్ళు బర్మాలోకి రాగానే అంతా తలకిందులైంది. కూలికని రంగూన్ వెళ్ళిన మన శ్రీకాకుళం, విశాఖ జనం నడిచి తిరిగొచ్చింది కూడా ఆ ఏడాదే. తర్వాత బర్మా ప్రభుత్వం భూములు జాతీయం చేసింది, 1960లలో భారతీయులను సాగనంపింది. రాబడి పోయింది, రాజభవనాల్లాంటి ఇళ్ళు మిగిలాయి.

ఏం ఇళ్ళండీ అవి! మన కోనసీమ మండువా లోగిలి చూసినవాళ్ళు దాన్ని ఒకదాని వెనక ఒకటిగా మూడు నాలుగు ఊహించుకోండి. ముందు వీధిలో మొదలైన ఇల్లు వెనక వీధిలో ముగుస్తుంది. వీధి గుమ్మంలో నిలబడితే గుమ్మం వెనక గుమ్మం, గుమ్మం వెనక గుమ్మం, చివరికి పెరటి వెలుతురు చుక్కలా కనబడుతుంది. స్తంభాలు బర్మా టేకు, పాలరాయి ఇటలీది. గోడల మీద సున్నంతో పాటు కోడిగుడ్డు తెల్లసొన కలిపి నూరిన పూత. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గోడకు చెయ్యి ఆనిస్తే చల్లగా, నున్నగా, గాజు ముట్టుకున్నట్టుంటుంది. కింద ఆత్తంగుడి బిళ్ళలు. గాజు పలక మీద రంగు సిమెంటు చేత్తో పోసి చేస్తారు, కొలిమిలో కాల్చరు. ఆ నునుపంతా గాజు పలక ఇచ్చిందే. పెళ్ళైన ప్రతి కొడుక్కీ ఒక గది, విడిగా ఒక పొయ్యి. ఒకే కప్పు కింద అన్నదమ్ములు, ఎవరి వంట వాళ్ళది!

చిక్కంతా అక్కడే వచ్చింది. నలుగురు కొడుకులకు కట్టిన ఇంటికి మూడు తరాల తర్వాత నలభై మంది వారసులు. ఒకరు సింగపూరు, ఒకరు మద్రాసు, ఒకరు ఎక్కడో. పెంకు జారితే డబ్బులు ఎవరివ్వాలి? సంతకాలు ఎవరు పెట్టాలి? అందరికీ ఒప్పుబాటయ్యే మాట చివరికి ఒకటే, "అమ్మేద్దాం". నేల కొనేవాడొకడు, కలప కొనేవాడొకడు. ముందు సామాను పోతుంది, తర్వాత తలుపులు, ఆ తర్వాత స్తంభాలు. స్తంభాలు పోయాక కప్పు సంగతి వేరే చెప్పాలా?

ఇలా విప్పిన ఇళ్ళన్నీ కనిపించే చోటు కారైకుడిలో మునీశ్వరన్ కోయిల్ వీధి. నేను ఒంటరిగా వెళ్ళలేదు. కోడంబాకంలో ఆర్టు డిపార్టుమెంటులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మిత్రుణ్ణి వెంట తీసుకెళ్ళాను. కొట్ల ముందు తలుపులు గోడకి జేరేసి ఉంటాయి, పుస్తకాల బీరువాలో పుస్తకాల్లా. లోపల స్వీడను, జెకోస్లొవేకియా, జపాను దేశాల ఎనామిల్ గిన్నెలు, జర్మనీ గడియారాలు, ఇంగ్లండు బిస్కెట్ డబ్బాలు, ఊరగాయ జాడీలు, రవివర్మ లక్ష్మీ సరస్వతులు. ఆ పటాల్లో చీరలకు నిజం జరీ, చమ్కీలు అద్ది కుట్టడం ఆ ప్రాంతపు ఇల్లాళ్ళ సరదా. ఎంత ఓపికో!

మిత్రుడు నాకు నేర్పిన పాఠం మీకూ చెబుతాను. పటం మీద భూతద్దం పెట్టి చూడండి. చుక్కలు బారులు తీరి గళ్ళుగళ్ళుగా కనిపిస్తే అది మొన్న అచ్చయింది. పాత రాతి అచ్చులో రంగు ఇసుక చల్లినట్టుంటుంది. టేకు అని చెప్పిన చెక్కను ముందు ఎత్తి చూడండి, తర్వాత వాసన చూడండి. కొత్త చెక్కకు టీనీళ్ళు పూసి ముసలితనం తెప్పించే మేకప్‌మేన్లు అక్కడా ఉన్నారు! ఎనామిల్ గిన్నెనయితే బోర్లించి ముద్ర చూడాలి. మరొక ముఖ్య విషయం, ఉత్తరం రాసిన అమ్మగారు వినాలి. నూరేళ్ళు దాటిన కళావస్తువును డల్లాసు పంపుదామంటే కుదరదు, 1972 నాటి చట్టం ఒప్పుకోదు.

నేను కొన్నది ఒక ఇత్తడి క్యారియరు. గిన్నె అంచు మీద మూడు తమిళ పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. మన ఇళ్ళల్లో పిల్లకు సామాను పెట్టేటప్పుడు పేరు కొట్టిస్తాం చూడండి, అదే ఆచారం. ఆ వీధిలో వేల గిన్నెల మీద వేల ఆడపిల్లల పేర్లున్నాయి. అడిగేవాళ్ళు లేరు.

"మన సెట్టుకీ ఈ ఇంటికీ తేడా చూశావా?" అన్నాడు మిత్రుడు. "కూల్చడానికని తెలిసే నేను ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో స్తంభాలు పోశాను. నిలబడడానికి కట్టిన వాటిని పీక్కొచ్చి ఇప్పుడు సెట్టులో పెడుతున్నారు."

సినిమా సామాను సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1970లో హాలీవుడ్ ఎం.జి.ఎం. స్టూడియో దుస్తులు, సామాను వేలానికొచ్చాయి. 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్' (1939) కోసం జూడీ గార్లండ్‌కు చేయించిన ఎర్ర జోళ్ళ జత ఒకటి 15 వేల డాలర్లకు పోయింది. అదే సినిమాలోని మరో జత 2024 డిసెంబరులో రుసుములతో కలిపి 3 కోట్ల 25 లక్షల డాలర్లు పలికింది! మన వడపళనిలో వాహిని స్టూడియో నేల మీద 2013లో షాపింగ్ మాల్ వచ్చింది. 'మాయాబజార్' (1957) కిరీటాలు, గదలు ఎవరింట్లో ఉన్నాయో తెలిసినవారుంటే దయచేసి నాకొక ఉత్తరం రాయండి.

అన్ని ఇళ్ళూ ముక్కలైపోలేదు లెండి. మద్రాసు దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన 'దక్షిణచిత్ర'లో ఒక చెట్టినాడు ఇంటిని విప్పి తెచ్చి మళ్ళీ ఇల్లుగా నిలబెట్టారు. కొన్ని ఇళ్ళు హోటళ్ళయ్యాయి. కొన్ని షూటింగులకు అద్దెకిచ్చుకుని బతుకుతున్నాయి.

అలాంటి ఇంటికే మర్నాడు మిత్రుడు నన్ను తీసుకెళ్ళాడు. ఊరి పేరు, ఇంటి పేరు వద్దన్నారు. ఎనభై దాటిన ఆచ్చి ఒక్కరే ఉంటారు. (అక్కడ ఇంటి పెద్దావిడను ఆచ్చి అంటారు.) తోడు ఒక పనిమనిషి. ముప్పై గదుల్లో వాడుకలో ఉన్నవి మూడు, మిగతా వాటికి తాళాలు. రెండో ముంగిలి వానకు ఒక మూల ఒరిగి ఉంది. నా చేతిలో క్యారియరు చూసి ఇలా తెమ్మన్నారు. అక్షరాలు వేలితో తడిమి, "ఎవరింటి పిల్లో..." అని కాసేపు ఊరుకున్నారు. తర్వాత, "చింతపండుతో తోమించు తంబీ, వట్టి బూడిద చాలదు" అన్నారు.

ఆ సమయానికి అక్కడ రెండు పార్టీలున్నాయి. ఒకరు కలప వ్యాపారి. రెండో ముంగిలి స్తంభాలు ఎనిమిదికీ రొక్కం సంచిలో పెట్టుకొచ్చాడు. సింగపూరు మనవడు ఫోనులో "ఇచ్చెయ్యండి ఆచ్చీ" అంటున్నాడు. రెండోవారు ఒక తెలుగు సినిమా ప్రొడక్షను మేనేజరు. పది రోజుల షూటింగుకు అద్దె మాట్లాడడానికొచ్చి, స్తంభాలు చూసి అతనికీ ఆశ పుట్టింది. "పనిలో పని, అవి మాకే అమ్మండి. హైదరాబాదు సెట్టులో కూడా ఇవే ఉంటే సీను అతుకుతుంది" అన్నాడు.

ఆచ్చి అతణ్ణి ఎగాదిగా చూశారు. "స్తంభాలు నువ్వు పట్టుకుపోతే కప్పు ఎవరు మొయ్యాలి? నువ్వొచ్చి నిలబడతావా?"

అందరం నవ్వాం, వ్యాపారితో సహా. ఆవిడ నవ్వలేదు. పది రోజుల అద్దెకు ఎన్ని పెంకులొస్తాయో, వానలు పడేలోగా ఒరిగిన మూల ఎత్తడానికి వడ్రంగి ఎంత అడిగాడో వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. కొంచెం తక్కువైంది. ఫోను అందుకుని మనవడితో "తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశారు. వ్యాపారి సంచి చంకన పెట్టుకుని, "మళ్ళీ వస్తానాచ్చీ" అని లేచాడు. అతను వస్తాడు, అందులో సందేహం లేదు.

ఆచ్చి మేనేజరు వైపు తిరిగారు. "కథలో మా ఇల్లు ఎవరిది?"

మేనేజరు నసిగాడు. "అదీ... విలన్‌దండీ."

"విలన్‌దా? అయితే పగలగొట్టడాలు, కాల్చడాలు ఉంటాయి. ఇంకో పాతికవేలు వెయ్యి."