మలుపులో మూగవోయిన హారను

కైకలూరు నుండి ఆటపాకకు పోవు దారి ఇరుకైనది. ప్రక్కల చేపల చెరువులు. గత మాసమున ఒక ఉదయము ఆ దారిని నా పాత కారులో పోవుచుండగా, మలుపులో ఒక బాలుడు సైకిలుపై వేగముగా ఎదురు వచ్చెను. హారను నొక్కితిని. మ్రోగలేదు. మరల నొక్కితిని, లేదు. బ్రేకు వేసితిని. బాలుడు సైకిలును గట్టు వైపునకు త్రిప్పుకొనెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. విచిత్రమేమనగా, మలుపు దాటి స్టీరింగు తిన్నగా వచ్చిన పిమ్మట నొక్కి చూడగా హారను నిక్షేపముగా మ్రోగినది.

పాత కార్లు గలవారిలో పలువురు ఈ జబ్బు నెరుగుదురు. ఎరిగియు, తిన్నని రోడ్డుపై మ్రోగుచున్నది గదా యని సరిపెట్టుకొందురు. తిన్నని రోడ్డుపై హారనుతో పని యెంత? ఎదుటివాడు కనబడని చోటనే గదా దాని యవసరము!

హారను మీట స్టీరింగు చక్రము నడుమ నుండును. చక్రము తిరుగును, దానితోపాటు తీగయు తిరిగినచో మెలిపడి తెగును. కావున చక్రము అడుగున ఒక ఇత్తడి కడియమును, దానిని స్ప్రింగు బలముచే అంటిపెట్టుకొని యుండు ఒక చిన్న ములుకును అమర్చిరి. చక్రము ఎటు తిరిగినను ములుకు కడియమును విడువదు. పాఠ్యపుస్తకములో డైనమో బొమ్మ చూచిన విద్యార్థికి ఇది క్రొత్త కాదు. అందలి రింగు, బ్రష్షు ఈ జాతివే.

ఏండ్ల రాపిడికి ములుకు అరుగును, స్ప్రింగు సడలును. మనము ఎక్కువ కాలము తిన్నగానే పోవుదుము గనుక కడియముపై ఆ భాగము ఒరిపిడిచే తళతళలాడుచుండును. మలుపులలో మాత్రమే ములుకు క్రిందికి వచ్చు భాగమున పాత గ్రీజు గట్టిపడి నల్లని మడ్డి పేరుకొనును. సడలిన స్ప్రింగుకు ఆ పొరను చీల్చు బలము లేదు. నా హారను మలుపులోనే మూగవోవుటకు కారణ మిదియే.

మొదట చూపిన దుకాణములోని కుర్రవాడు, “డాష్‌బోర్డు మీద కాలింగ్ బెల్ స్విచ్చి ఒకటి బిగించేస్తాను మాస్టారూ, పది నిమిషాల పని” యనెను. మరియొకచోట చక్రమునే మార్చుమనిరి. రెండవది గోటితో పోవుదానికి గొడ్డలి. మొదటిది అంతకన్న చెడ్డ సలహా యని నా యభిప్రాయము. ఆపదలో చేయి ఆలోచింపదు. ఇరువది యేండ్లుగా అలవాటైన చోటికే పోవును. ఆ బాలుడు ఎదురైన క్షణమున డాష్‌బోర్డుపై స్విచ్చి యున్నను నా చేయి చక్రము నడుమనే నొక్కియుండును.

మూడవవాడు వృద్ధుడు. బ్యాటరీ తీగ నూడదీసి, చక్రమునకును ఇరుసునకును గుర్తు గీచి, చక్రమును పైకి లాగెను. కడియమును కిరసనాయిలుతో కడిగి, సన్నని ఎమరీ కాగితముతో మెల్లగా రుద్దెను. సెల్ఫ్ మోటారు నుండి తీసిన పాత కార్బను బ్రష్షును ఆకురాయితో అరగదీసి ములుకుగా కూర్చి, క్రొత్త స్ప్రింగు వేసెను. “ములుకు మెత్తగా ఉండాలి మాస్టారూ, అరిగితే అదే అరగాలి, కడియం అరక్కూడదు” అని చెప్పెను. తరువాత హారనుకు బదులు ఒక బల్బు తగిలించి, మీట నొక్కి పట్టి, చక్రమును ఈ కొస నుండి ఆ కొసవరకు త్రిప్పించెను. బల్బు ఎక్కడను రెపరెపలాడలేదు. పరీక్ష యనగా నాకు ప్రశ్నపత్రమే గుర్తువచ్చును గాని, ఇంత నిక్కమైన పరీక్షను నేనెన్నడును పెట్టియుండలేదు.

నా కారులో రిలే లేదు. రెండు హారన్లకు కావలసిన సుమారు ఎనిమిది పది ఆంపియర్ల విద్యుత్తంతయు ఆ ములుకు గుండానే పోవుచుండెను. అంటీ అంటని చోట నిప్పురవ్వ పుట్టి లోహమును కాల్చును. ఆయన ఒక రిలే అమర్చెను. ఇప్పుడు ములుకుపై పడు భారము పావు ఆంపియరైనను ఉండదు.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. డ్రైవరు ఎదుట గాలిసంచి యుండుట క్రొత్త కార్లకు 2019లో తప్పనిసరి యైనది. అట్టి కార్లలో చక్రము నడుమనే ఆ సంచి యుండును; కడియమునకు బదులు చుట్టలుగా చుట్టిన పట్టీతీగ యుండును. దానిని తెలియనివారు ముట్టరాదు.

“ఉన్న హారన్ల మోతకే చెవులు చిల్లులు పడుతుంటే, మీరు ఇంకొకటి బాగుచేయించారా?” అని మా సహాధ్యాపకుడు ఆక్షేపించెను. ఆక్షేపణ తేలికగా కొట్టివేయదగినది కాదు. పాఠశాలల చుట్టును నూరు మీటర్లు నిశ్శబ్ద మండలముగా ప్రకటించుటకు 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు అవకాశ మిచ్చినవి. అనవసరముగా హారను మ్రోగించినవానికి 2019 నాటి మోటారు వాహన చట్ట సవరణ మొదటిసారి 1000, ఆపైన 2000 రూపాయల జరిమానా విధించినది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేటిలో, ఆటపాక గూడబాతుల చెంత హారను మ్రోగించువానిని నేనును సహింపను. కాని తన హారను మ్రోగునో మ్రోగదో యను అనుమానము గలవాడే దానిని గట్టిగా, పదేపదే నొక్కును. నమ్మకము గలవానికి ఒక్క నొక్కు చాలును. మొన్న అదే మలుపులో నాకు ఒక్కటే సరిపోయినది.

అరిగిన పాత ములుకును ఆ సహాధ్యాపకునకే ఇచ్చితిని. ఆయన భౌతికశాస్త్రము చెప్పును. డైనమో పాఠము నాడు దానిని బల్లపై పెట్టి చూపెదనన్నాడు.