గృహిణీగోష్ఠి: ఆకాశదూరము – భూదూరము



మోకాళ్ల నొప్పితో బాధపడుచున్న అత్తగారిని విజయవాడనుండి తిరుమల దర్శనమునకు తోడ్కొని పోవలెనని యున్నదనియు, విమానమున బోయినచో దూరమెంత తగ్గుననియు ఒక సోదరి యడిగినది. ప్రశ్న చిన్నదే. కాని పటముమీద గొలిచిన దూరము వేఱు, వృద్ధురాలి దేహము భరింపవలసిన దూరము వేఱు. ఈ భేదము నెఱుగక చేసిన ప్రయాణమున ధనమును పోవును, పెద్దల కాయాసమును గలుగును.

మొదట లెక్క చూతము. గన్నవరము విమానాశ్రయమునుండి రేణిగుంట విమానాశ్రయమునకు సూటిగా గీత గీచినచో సుమారు 350 కిలోమీటర్లు. ఆ గీత బాపట్ల దాపుగా బోయి, చీరాల మొదలు కావలి సమీపమువఱకు సముద్రముమీద నడచి, మరల నేలకెక్కి నెల్లూరునకు పడమరగా సాగును. రహదారికి సముద్రము దాటు శక్తి లేదు గదా! అది గన్నవరమునుండి బెజవాడకు వచ్చి, కృష్ణను దాటి, గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు, నెల్లూరుల మీదుగా నాయుడుపేట చేరి, అచ్చట పడమటికి దిరిగి శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంటకు బోవును. ఆ దూరము 400 కిలోమీటర్లకు పైమాటయే. విమానము సైతము గీతను దప్పక పోవునది కాదు. గాలికెదురుగా లేచి, నిర్ణీతమైన మార్గములను బట్టి తిరిగి తిరిగి పోవును.

ఇక కాలము. కారులో నడుమనడుమ నాగుచు బోయినచో ఏడెనిమిది గంటలు పట్టును. విమానము గాలిలో నుండునది గంటకు కొంచె మెక్కువ. అంతమాత్రమున ఆఱు గంటలు కలిసివచ్చెనని మురిసిపోరాదు. ఊరినుండి గన్నవరము 20 కిలోమీటర్లు. సామాను నప్పగించుచోటు సాధారణముగా గంట ముందే మూసివేయుదురు గావున రెండు గంటలు ముందుగా జేరుట మేలు. దిగినపిదప సామానుకై నిలిచి, రేణిగుంటనుండి తిరుపతికి బండిలో బోవలెను. అన్నియు గూడిన నైదుగంటలగును. మిగులునది రెండు మూడు గంటలే. పిమ్మట కొండ యెక్కుట యందఱకును సమానమే.

మఱియొక మాట. నేరుగా బోవు విమానమున్న దినముననే యీ లెక్క చెల్లును. లేనిచో హైదరాబాదు మీదుగా బోవలసివచ్చును. గన్నవరమునుండి శంషాబాదునకు సుమారు 260, అచ్చటినుండి రేణిగుంటకు సుమారు 415, వెరసి 675 కిలోమీటర్లు. సూటి దూరమునకు దాదాపు రెట్టింపు! నడుమ నిరీక్షణమును గలిపినచో కారు ముందే చేరవచ్చును. కావున టిక్కెట్టు కొనుటకు ముందు విమాన మెచ్చటనైన నాగునా యని తప్పక చూడుడు.

విమానముననే పోదలచినచో, చక్రముల కుర్చీ కావలెనని టిక్కెట్టు కొన్ననాడే తెలుపుడు. మందులను పెట్టెలో వేయక చేతిసంచిలో నుంచుడు. కారున బోవువారు గంటన్నర కొకమారు బండి నాపి, పెద్దవారిని దింపి, నాలుగడుగులు నడిపింపుడు. వంచిన మోకాలు వంచినట్లే యుంచుట మంచిది కాదు. రాత్రి రైలులో క్రింది పడక దొరకినచో, పండుకొని పోగల సుఖము ఆ రెంటను లేదు.

తుదకు, ఈ లెక్కలన్నియు వేయు మనము, ప్రయాణము చేయవలసిన యామెను మాత్రము అడుగుట మఱతుము. కొందఱు వృద్ధులు విమానమన వెఱతురు. అడిగినవారు లేక మౌనముగా నెక్కుదురు. మఱికొందఱు విమాన మెక్కవలెనని ముచ్చటపడుచును, కోడలికి ఖర్చగునని నోరు మెదపరు. సోదరీ, పటమును మడిచిపెట్టి మీ యత్తగారి ప్రక్కన గూర్చుండి, ఎట్లు పోయిన సుఖముగా నుండునో యామెనే యడుగుము. ఆమె చెప్పినదియే దగ్గఱిదారి.