మడత విప్పి చూద్దాం

ఎంసెట్ పేరు మారి ఈఏపీసెట్ అయినా, ఫలితాలొచ్చిన మర్నాడు పేపర్లో కనిపించే తంతు మాత్రం మారలేదు. పేజీ నిండా పిల్లల ఫొటోలు, కింద ఒకటి, మూడు, ఏడు అంటూ ర్యాంకులు. అవి చూసే చాలా ఇళ్లలో కాలేజీ నిర్ణయమైపోతుంది. మెడలో గొలుసు తాకట్టుకెళ్తుంది.

నాదొకటే సందేహం. ‘పది లోపు ఆరు ర్యాంకులు మావే’ అన్నవాళ్లు, మొత్తం ఎంతమందికి చదువు చెప్పారో ఎందుకు చెప్పరు? ఆ ఆరుగురూ అరవైమందిలో వాళ్లా, ఆరు వేలమందిలో వాళ్లా? మన అమ్మాయి చేరబోయేది ఆ మిగతావాళ్ల మధ్యే కదా! వాళ్లంతా ఏమయ్యారన్నదే మనకు కావలసింది.

ర్యాంకు వరసనే చెబుతుంది, తేడా ఎంతో చెప్పదు. మధ్యలో పిల్లలు గుంపుగా ఉంటారు కనుక ఒక్క మార్కుకే వందల ర్యాంకులు జారిపోవచ్చు. ఆ మాత్రానికే ‘పక్కింటి పిల్ల చూడు’ అని సాధించడం న్యాయమా?

కాలేజీల ర్యాంకులూ అంతే. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఎన్‌ఐఆర్‌ఎఫ్ పేరిట వీటిని ఇస్తోంది. ఇంజనీరింగ్ కాలేజీలకైతే నూటికి 30 పాళ్లు బోధన, వనరులకు, మరో 30 పరిశోధనలాంటి వాటికి, 10 పాళ్లు కేవలం జనంలో ఉన్న పేరుకు. ఉపయోగపడే లెక్కే, కాదనను. కానీ హాస్టల్లో రాత్రిపూట వార్డెన్ ఉంటుందా, బస్సు వేళకొస్తుందా, ఫీజు మనం మోయగలమా అన్నవి అందులో ఉండవు. ఆ లెక్క మనమే వేసుకోవాలి.

కోచింగ్ సెంటర్ల ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. ర్యాంకు వచ్చిన విద్యార్థి ఫొటో వేస్తే, ఏ కోర్సు, ఎన్నాళ్లు చదివాడో, డబ్బు కట్టి చేరాడో లేదో కూడా చెప్పాలి. నాలుగురోజులు మాక్ ఇంటర్వ్యూకి వచ్చినవాణ్ణి ‘మా విద్యార్థి’ అనుకోకుండా ఉండాలంటే, ఆ చిన్నక్షరాలు మనం చదవాలిగా!

చీర కొనేటప్పుడు కొట్టువాడు పరిచిన పమిటచెంగు చూసి డబ్బివ్వం. మడత విప్పి లోపలంతా చూస్తాం. రెండేళ్లో నాలుగేళ్లో పిల్ల జీవితాన్ని అప్పగించేచోట ఆపాటి తెలివి చూపొద్దూ? కౌంటర్ దగ్గర కూర్చున్నాయన విసుక్కున్నా సరే, ‘ఎంతమందిలో?’ అని అడుగుదాం.