రుజువులు వేదిక మీద, నూనె సీసా బల్ల మీద

సూరత్‌లోని లింబాయత్‌లో ఈమధ్య జరిగిన ఒక తెలుగు కూటానికి పనిగట్టుకొని వెళ్లాను. "క్రైస్తవ్యం గుడ్డి నమ్మకం కాదు, బుద్ధికి నిలిచే సత్యం" అని కరపత్రం మీద వేశారు మరి. బుద్ధి అనే మాట కనబడితే ఆగలేని జబ్బు నాది. హైదరాబాదు నుంచి వచ్చిన ప్రసంగీకుడు టై కట్టి, ప్రొజెక్టరు పెట్టి, బిగ్ బ్యాంగ్ నుంచి డీఎన్ఏ దాకా గంటన్నర సేపు దంచేశాడు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీల్లో, రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన సాంచాల (మరమగ్గాల) కార్మికులు. కునికిపాట్లు పడుతూనే, "ఆమెన్" అనాల్సిన చోట మాత్రం తప్పకుండా అన్నారు. చివరి స్లైడు ఆరిందో లేదో మైకు స్థానిక సేవకుడి చేతికి వచ్చింది, అభిషేక తైలం సీసాలు బల్ల మీదికి వచ్చాయి. షుగరు, గడ్డలు, టీబీ, పిల్లలు పుట్టకపోవడం, అన్నిటికీ అదే నూనె.

"ప్రసంగీకుడిదేముంది సార్, ఆయన ఆ సీసా ముట్టుకోనే లేదు కదా" అన్నారు నిర్వాహకులు తర్వాత. నిజమే, ముట్టుకోలేదు. ఆ సీసాకు జామీను ఉండి రైలెక్కి వెళ్లిపోయాడు.

ఆయన వాదం పాతదే. మొదలైన ప్రతిదానికీ కారణం ఉంటుంది, విశ్వం మొదలైంది, కాబట్టి విశ్వానికీ ఒక కారణం ఉంది, ఆ కారణమే యేసుక్రీస్తు తండ్రి. మొదటి మూడు మెట్లూ చెయ్యి పట్టుకొని ఎక్కించి, నాలుగోది దూకించేశాడు. అమెరికాలో విలియం లేన్ క్రెయిగ్ 1979లో ఒక పుస్తకం రాసి ఈ వాదానికి మళ్లీ ఊపిరి పోశాడు. దాని మూలం ముస్లిం మత తర్కంలో ఉందని ఆయనే చెప్పుకున్నాడు. తొమ్మిది వందల ఏళ్ల కిందట అల్ గజాలీ అల్లాను నిరూపించడానికి వాడిన వాదం అది. అంతకు కాస్త ముందు మిథిలలో ఉదయనాచార్యుడు 'న్యాయకుసుమాంజలి' రాసి, కార్యం ఉంటే కర్త ఉండాలంటూ ఈశ్వరుణ్ణి నిరూపించాడు. వేదాన్ని నెత్తిన పెట్టుకున్న మీమాంసకుడు కుమారిలభట్టేమో, జగత్తుకు కర్తే అక్కర్లేదన్నాడు. ఒకే వాదం ముగ్గురు దేవుళ్లకు సరిపోతే, ఆ ముగ్గురిలో ఎవరికీ అది రుజువు కాదు. రేపు పక్క వీధి మౌల్వీగారు అదే ప్రొజెక్టరు అద్దెకు తెచ్చుకొని అవే స్లైడ్లు వేసుకోవచ్చు, చివరిది ఒక్కటీ మార్చి.

తర్వాత పునరుత్థానం. లేచిన క్రీస్తును ఐదువందల మందికి పైగా ఒకేసారి చూశారని పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో ఉంది. "కోర్టులో ఇద్దరు సాక్షులుంటే చాలు, ఇక్కడ ఐదువందలు!" అన్నాడు ప్రసంగీకుడు. చప్పట్లు. ఐదువందల మంది సాక్షులు ఎక్కడున్నారయ్యా? ఐదువందల మంది ఉన్నారని చెప్పిన ఒక్క మనిషి ఉన్నాడు. వాళ్ల పేర్లు లేవు, ఊరు లేదు, వాళ్లలో ఒక్కరు చెప్పిన మాటా మనదాకా రాలేదు.

సరే, తలలే లెక్కబెట్టాలంటే నా దగ్గర ఇంకా పెద్ద లెక్క ఉంది. 1995 సెప్టెంబరు 21న దేశమంతటా వినాయకుడు పాలు తాగాడు. చూసినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఇంజినీర్లు, లెక్చరర్లు, బ్యాంకు మేనేజర్లు. ఇప్పటికీ చాలామంది బతికే ఉన్నారు, పేర్లూ ఫోన్ నంబర్లూ ఇస్తారు. సూరత్‌లోనే ఉధ్నాలో ఒక గుడి ముందు ఆ వేళ నేనూ నిలబడ్డాను, చెంచా లేకుండా. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర ప్రచార విభాగం వాళ్లు పాలలో రంగు కలిపి చూపించారు: తలతన్యత వల్ల చెంచాలోని పాలు పైకి లాక్కోబడి, విగ్రహం మీదుగా కంటికి ఆనని పలచటి పొరగా జారిపోతున్నాయి. మరి ప్రసంగీకుడు ఆ లక్షల సాక్ష్యాన్ని ఒప్పుకుంటాడా? నవ్వుతాడు. ఆ నవ్వు కొంచెం కొరింథు వైపు కూడా తిప్పితే మా ఇద్దరికీ తగాదా ఉండేది కాదు.

తిప్పితే ఏమవుతుందో హేతువాది సనల్ ఎడమరుకుకు తెలుసు. 2012లో సూరత్‌కు కొన్ని గంటల ప్రయాణ దూరంలో, ముంబయి విలేపార్లేలో వేళాంగణి మాత చర్చి దగ్గర శిలువ మీది క్రీస్తు పాదాల నుంచి నీరు కారింది. భక్తులు సీసాల్లో పట్టుకుపోయారు. ఎడమరుకు వెళ్లి చూసి, పక్కనున్న మురుగు కాలువలో నీరు అడ్డుపడి గోడలోకి పాకి, కేశనాళికల చర్య వల్ల పైకెక్కి కారుతోందని చెప్పాడు. వినాయకుడి పాలనూ క్రీస్తు పాదాల నీటినీ నడిపింది ఒకే కుటుంబానికి చెందిన భౌతిక సూత్రాలు. వాటికి మతం పట్టింపు లేదు. ఆ వివరణకు విశ్వాసులు ఇచ్చిన హేతుబద్ధమైన సమాధానం, మత భావాలను గాయపరిచాడంటూ 295ఎ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదులు. ఆయన ఫిన్లాండు వెళ్లిపోవాల్సి వచ్చింది.

ఇంతవరకూ ఇది మాటల పోట్లాట. దీనికోసమైతే నేను కలం తీసేవాణ్ణి కాదు.

సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో సాంచాలు నడిపేవాళ్ల బతుకు ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. పన్నెండు గంటల షిఫ్టు, గాలిలో నూలు దుమ్ము, చెవులు పగిలే చప్పుడు, దిగాక నలుగురైదుగురు పంచుకునే గది. ఒకడు దిగిన పరుపు మీదే ఇంకొకడు పడుకుంటాడు. టీబీకి ఇంతకంటే ఏం కావాలి? ప్రపంచంలోని టీబీ రోగుల్లో పావు వంతు మన దేశంలోనే ఉన్నారు. మందు ఉంది, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, మామూలు టీబీ ఆరు నెలల్లో నయమవుతుంది.

కానీ ఆ మందులో ఒక తిరకాసు ఉంది. మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది, అన్నం రుచిస్తుంది. క్రిములు మాత్రం ఇంకా లోపలే ఉంటాయి. మనిషి తేలికపడిన ఆ వారాల్లోనే కూటానికి వెళతాడు, నూనె రాస్తారు, మైకు ఇస్తారు, "నేను స్వస్థత పొందాను" అని సాక్ష్యం చెబుతాడు. అబద్ధమాడడు పాపం, నిజంగానే బాగుంటుంది. మాత్ర చేసిన పనికి రసీదు ఇంకొకరి పేర రాస్తాడు. నయమైందని నలుగురి ముందు చెప్పినవాడు మర్నాడు మాత్ర ఎలా మింగుతాడు? మింగితే తన సాక్ష్యాన్ని తానే కొట్టేసుకున్నట్టు.

నాకు తెలిసిన ఒక కార్మికుడు అలాగే మానేశాడు. చప్పట్లు అందరికీ తెలుసు, దీర్ఘంగా చేసిన ప్రార్థన తెలుసు, ఆ తర్వాతి సంగతి మైకు దాకా రాలేదు. మళ్లీ దగ్గు మొదలైనప్పుడు పాత మందులకు లొంగలేదు. సేటు పనిలోంచి తీసేశాడు. అప్పుడు సేవకుడు గదికొచ్చి అన్న మాట ఆ మనిషి భార్య నాతో చెప్పింది: "విశ్వాసంల ఏదో లోపం ఉన్నదన్నడు సారూ. ఇంట్ల ఎవలో పాపం దాచిండ్రన్నడు." ఆమె మూడు పూటలు ఆలోచించిందట, తాను ఏం పాపం చేసిందో అని.

నాకు అన్నిటికంటే అసహ్యం ఇక్కడే. బాగైతే దేవుడి గొప్ప, బాగవకపోతే రోగి నేరం. ఏ ఫలితం వచ్చినా ఓడిపోని ఇలాంటి వాదాన్ని ఏ తర్కశాస్త్రంలోనూ వాదమనరు. ఊపిరి ఆడక కూర్చున్నవాడి నెత్తిన, చచ్చేముందు అపరాధ భావం కూడా మోపి పోవడానికి ఎంత దైవభక్తి కావాలి! దశమభాగం ఇచ్చిన వారాల్లో ఆ లోపం ఎవరికీ కనబడలేదు మరి.

ప్రార్థన పనిచేస్తుందా అన్నది కొలవలేని విషయమేమీ కాదు, కొలిచారు కూడా. మతానికి సానుకూలమైన టెంపుల్టన్ ఫౌండేషన్ డబ్బుతోనే అమెరికాలో ఆరు ఆస్పత్రుల్లో 1802 మంది గుండె బైపాస్ రోగుల మీద పరిశోధన జరిగింది. 2006లో ఫలితాలు వచ్చాయి. తమకోసం ప్రార్థన జరగొచ్చు, జరగకపోవచ్చు అని మాత్రమే తెలిసినవాళ్లలో, జరిగిన గుంపులో 52 శాతం మందికి, జరగని గుంపులో 51 శాతం మందికి శస్త్రచికిత్స తర్వాత చిక్కులు వచ్చాయి. ప్రార్థన తప్పకుండా జరుగుతోందని తెలిసినవాళ్లలో 59 శాతానికి. కంగారు పడ్డారేమో, "నా కోసం ప్రార్థన చేసేదాకా వచ్చిందా" అని. ఈ స్లైడు లింబాయత్‌లో వెయ్యలేదు.

దేవుడు లేకపోతే నీతికి పునాది లేదన్న స్లైడు మాత్రం రెండుసార్లు వేశారు. ఈ వాదాన్ని ప్రపంచమంతా తిప్పినవాళ్లలో ప్రసిద్ధుడు మద్రాసులో 1946లో పుట్టిన రవి జకరయ్య. 2020లో ఆయన చనిపోయాక, ఆయన సంస్థే పెట్టుకున్న న్యాయవాదులు విచారణ జరిపి, ఏళ్ల తరబడి ఆయన స్త్రీలను లైంగికంగా వేధించాడని 2021 ఫిబ్రవరిలో తేల్చారు. మనిషి చెడ్డవాడైతే వాదం తప్పయిపోదు, ఒప్పుకుంటా. కానీ పునాది అంత గట్టిదైతే దాని మేస్త్రీ ఇంట్లోనైనా కొంచెం కనబడాలి కదా.

నేనూ ఆ ఇంటివాణ్ణే. మాది మెదక్ వైపు, మాల క్రైస్తవ కుటుంబం. పాస్నెట్ దొర కరువులో కూలి ఇచ్చి కట్టించిన మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు తెరుచుకుంది. ఏ మొదటి కారణం వాదం విని మావాళ్లు అందులోకి వెళ్లలేదు. మా నాయనమ్మను అడిగితే చెప్పిన కారణం ఒకటే: "ఊళ్లె ఎవ్వలు ముట్టనప్పుడు దవాఖాన దొరసాని చెయ్యి పట్టి నాడి చూసింది బిడ్డా." నేను విన్నవాటిలో క్రైస్తవ్యం తరఫున ఇంతకంటే గట్టి వాదం లేదు, ఇందులో దేవుడి ఊసే లేదు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషన్ డాక్టరు ఇసబెల్ కెర్ 1915 నుంచి కుష్ఠు ఆస్పత్రి నడిపింది. ఆమె కూడా నూనే వాడింది: చాల్‌మోగ్రా జాతి గింజల నూనె, సూదితో, కొలత ప్రకారం, ఫలితాలు రాసుకుంటూ. అంతకంటే మంచి మందు వచ్చాక ఆ నూనెను లోకమంతా పక్కన పెట్టేసింది. దవాఖాన చెయ్యి పట్టుకొని మా ఇంటికి వచ్చిన మతం, వందేళ్లు తిరిగేసరికి మావాళ్లను దవాఖాన గుమ్మం నుంచి వెనక్కి లాగుతోంది.

ఈ వ్యాసం చదివి చేతులు రుద్దుకునే కాషాయ మిత్రులకు ఒక మాట. పక్కనే డాంగ్స్‌లో 1998 క్రిస్మస్‌కు చర్చిల మీద పడ్డవాళ్లు ఏ తర్కంతో వెళ్లారో నాకు తెలుసు. గుజరాత్‌లో మతం మార్చడానికి 2003 చట్టం ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావాలి. 2021 సవరణల్లో కొన్నిటిని హైకోర్టు ఆపాల్సి వచ్చింది. మనసు మార్చుకోవడానికి కలెక్టరు సంతకం అడిగే తెలివికీ, టీబీకి నూనె రాసే తెలివికీ నాకు పెద్ద తేడా కనబడదు. నాకు కావాల్సింది ప్రసంగీకుడి నోరు మూయించడం కాదు, ఆయన ఎదురు ప్రశ్నకు మైకు ఇవ్వడం.

సూరత్‌కు అది కొత్తేమీ కాదు. 1844 జూన్‌లో ఇక్కడి బడిపంతులు దుర్గారాం మెహతాజీ, దాదోబా పాండురంగ్ తదితరులతో కలిసి మానవ ధర్మ సభ పెట్టాడు. హిందూ, ముస్లిం, క్రైస్తవ మతాలన్నిటిలోని బూటకాన్నీ బయటపెట్టడం దాని పని. మంత్రగాళ్లను బహిరంగంగా పిలిచి, మీ శక్తి అందరి ముందూ చూపండని సవాలు చేశారు. సభ ఎక్కువ కాలం నడవలేదు. సవాలుకు మాత్రం కాలదోషం పట్టలేదు.

1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చినప్పుడు ఈ ఊరి నుంచి లక్షల మంది పారిపోయారు. స్టేషన్లో మావాళ్లు కిటికీల్లోంచి పిల్లల్ని లోపలికి తోయడం చూశాను. గుళ్లూ మసీదులూ చర్చిలూ అన్నీ మొక్కాయి. అందినవాళ్లను టెట్రాసైక్లిన్ కాపాడింది. మరుసటి ఏడు మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తించి, కాలువలు తవ్వించి, అడ్డొచ్చిన పెద్దల కట్టడాలు కూడా కూల్పించి ఊరిని బాగుచేశాడు. ఆయన కరపత్రంలో ఎక్కడా సాక్ష్యాలు లేవు, చెత్త బళ్ల లెక్కలున్నాయి.

కాబట్టి కూటాల పెద్దలకు నా సవాలు చిన్నది. టీబీ పోయిందని సాక్ష్యం చెప్పేవాడు గళ్ల పరీక్ష రిపోర్టు చేత్తో పట్టుకొని మైకు దగ్గరికి రావాలి. ఆరు నెలల మందు కార్డు కూడా తేవాలి. అది నిండి ఉంటే స్వస్థత ఎవరిదో వాదించుకుందాం, నిండకపోతే నూనె సీసా ఇచ్చే ముందు ఆ మనిషిని మునిసిపాలిటీ వాళ్ల స్మీమేర్ ఆస్పత్రికి పంపాలి. అక్కడ గళ్ల పరీక్ష ఉచితం, కానుక కవరు అడగరు.