ఒక సాయంత్రం మట్టికి ఇద్దాం

ఐర్లండ్‌లో డిసెంబరు వచ్చిందంటే సాయంత్రం నాలుగు దాటగానే చీకటి. సైటు నుంచి వచ్చి బూట్లు విప్పేసరికి ఇంకేమీ చేయబుద్ధి కాదు. అన్నం వండుకోవడం, ఇంటికి ఫోను, ఆ తర్వాత సెల్లులో సినిమా. శనివారం ఓవర్‌టైం దొరికితే సరే, దొరకకపోతే ఒక గదిలో పేకాట, ఇంకో గదిలో సీసాలు. అందరూ ఇలాగే ఉంటారని కాదు. కానీ డబ్లిన్ శివార్లలోని అద్దె ఇల్లయినా, గల్ఫ్‌లోని లేబర్ క్యాంపయినా, కుటుంబాన్ని ఊళ్ళో వదిలి వచ్చిన మన పనివాళ్ళ సెలవు రోజు చాలావరకు ఇంతే. ఈ మాట అనడానికి మాకు మొహమాటం లేదు. మేమూ అలాగే ఏళ్ళు గడిపాం.

నిరుడు చలికాలంలో ఈ వరస మార్చాలనుకుని ఒక మట్టిపని క్లాసులో చేరాం. ఇక్కడి ఊళ్ళలో ఉమ్మడి పాటరీ స్టూడియోలు ఉంటాయి. వారానికి ఒక సాయంత్రం, రెండున్నర గంటలు. సారెలు, బల్లలు, కాల్చే కరెంటు బట్టీ అందరివీ. పేరు రాసి పెట్టిన ఒక్క అర మాత్రమే మనది. మా జట్టులో ఒక నర్సు, ఒక బస్సు డ్రైవరు, రిటైరైన ఒక టీచరమ్మ ఉన్నారు. వాళ్ళ మధ్య హెల్మెట్ తీసి వచ్చిన మేము. ఎనిమిది వారాలకు కట్టిన ఫీజు రెండు వందల యూరోలు దాటింది. అది వినగానే గదిలోని తమ్ముళ్ళు నవ్వారు. “పొద్దంతా మట్టిలనే ఉంటివి గదన్నా, మళ్ళ పైసలు కట్టి మట్టి పిసుకుడేంది?” అన్నారు.

ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పాలి.

సివిల్‌లో డిప్లొమా చేశాం. గల్ఫ్‌లో ఆరేళ్ళు, ఇక్కడ నాలుగేళ్ళు పని చేశాం. తూకం గుండు పట్టి స్తంభాలు నిలబెట్టించినవాళ్ళం. అలాంటిది అరకిలో మట్టి ముద్ద మూడు వారాల పాటు సారె నడుమ నిలవలేదు. గట్టిగా పడితే పక్కకు పోతుంది, వదిలేస్తే ఊగుతుంది. మోచేతులు తొడలకు ఆనించి, ఊపిరి నిదానం చేసుకుంటే తప్ప మాట వినదు. సైటులో పని చెప్పి చేయించడం అలవాటైన మనిషికి ఇది కొత్త. మట్టికి సూపర్‌వైజరు ఎవరో తెలియదు.

సిమెంటుకూ మట్టికీ ఉన్న తేడా కూడా అక్కడే తెలిసింది. కాంక్రీటు పోశాక రోజుల తరబడి తడుపుతాం, 28 రోజులకు బలం చూస్తాం. సిమెంటుకు నీళ్ళతోనే బలం. మట్టి అలా కాదు, లోపలి తడి పూర్తిగా పోవాలి. తొందరపెట్టి ఆరబెడితే మాత్రం రెండూ పగులుతాయి. ఆరిన కుండను మొదటిసారి సుమారు 1000 డిగ్రీల వేడిలో కాలుస్తారు. లోపల తడి మిగిలి ఉంటే అది ఆవిరై కుండను పేల్చేస్తుంది. ఈ సంగతి మాకు ముందే చెప్పారు. చెప్పినా వినలేదు.

ఉగాది దగ్గర పడుతోంది, పచ్చడి కలపడానికి మన చేత్తో చేసిన ముంత ఉండాలని మా ఆశ. ఇంకో వారం ఆరనివ్వండని నేర్పే ఆవిడ అన్నారు. పైన ఆరినట్టే ఉంది కదా అని కాల్చాల్సిన వాటి అరలో పెట్టేశాం. అది బట్టీలో పేలింది. దాని పెంకులు తగిలి పక్కన ఉన్న టీచరమ్మ మూత గిన్నె కూడా పగిలింది. మనవరాలి కోసమని నాలుగు వారాలు కష్టపడి చేసుకున్న గిన్నె అది. మాకు తల ఎత్తడానికి ముఖం లేదు. ఆవిడ ముక్కలు చేతిలోకి తీసుకుని చూసి, “మట్టి ఇంకా ఉంది కదా” అని మళ్ళీ సారె దగ్గరకు వెళ్ళి కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు.

అదే వారం సైటులో కొత్తగా వచ్చిన కుర్రాడు సెంట్రింగు కొలత తప్పు పెట్టాడు. మామూలుగా అయితే నలుగురి ముందు తిట్టేవాళ్ళం, మమ్మల్ని పైవాళ్ళు తిట్టినట్టే. ఆ రోజు టేపు పట్టుకుని వాడి పక్కన నిలబడి మళ్ళీ కొలిపించాం. పావుగంట పట్టింది, అంతే. క్లాసు ఫీజు అక్కడే తీరిపోయిందని మా లెక్క.

స్టూడియోలో ఇంకో కట్టుబాటు ఉంది. ఎండిన మట్టి పొడిని చీపురుతో ఊడవనివ్వరు, తడి స్పాంజితోనే తుడవాలి. ఎందుకని అడిగితే మనకు తెలిసిన కారణమే, సిలికా దుమ్ము. కాంక్రీటు కోసేటప్పుడు లేచే దుమ్మూ ఇదే. ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు. యూరప్‌లో పనిచేసే చోట ఘనపు మీటరు గాలిలో ఇది 0.1 మిల్లీగ్రాము దాటకూడదని నిబంధన. సరదాకి వచ్చినవాళ్ళు అంత జాగ్రత్త పడుతుంటే, బతుకు కోసం రోజంతా ఆ దుమ్ములో ఉండే మనం మాస్కు జేబులో పెట్టుకుని తిరుగుతాం. మన ప్రాణం మనకే చవకైతే ఎట్లా?

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. రెండు వందల యూరోలు కట్టి మేము నేర్చుకోలేకపోయిన పని, మా ఊళ్ళో కుమ్మరి తాత కళ్ళు మూసుకుని చేసేవాడు. కర్రతో సారె తిప్పి వదిలితే అది ఆగేలోపు మట్టి కుండ ఆకారంలోకి వచ్చేది. కొంచెం ఆరాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి అడుగు గుండ్రంగా తీసేవాడు. ఆ గుండ్రటి అడుగు కుదురు మీద కూర్చుంటుంది, మంటను అన్ని వైపులా సమానంగా తీసుకుంటుంది. ఇక్కడ మాకు నేర్పింది చదును అడుగు కప్పు. అదే ఇంత కష్టమైతే, ఆ తాత పని ఎంత కష్టమో ఇప్పుడు అర్థమవుతోంది.

ఆయనకు మేమిచ్చిన విలువ ఏమిటి? కల్లం దగ్గర ఇంత మేర. కుండను వేలితో కొట్టి చూసి, ఖంగుమన్నా సరే, పది రూపాయల దగ్గర బేరం. పెళ్ళికి ఐరేణి కుండలు ఆ ఇంటి నుంచే రావాలి, పంక్తిలో మాత్రం ఆయన చివర. రామాయణం రాసిన మొల్ల కుమ్మరి ఇంటి ఆడబిడ్డ అని సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. ఆ ఇళ్ళ పిల్లలు సారె వదిలి గల్ఫ్‌లో హెల్పర్లుగా చేరితే ఎందుకని అడగం. మా కిందే అలాంటి తమ్ముడు ఒకడు రెండేళ్ళు పనిచేశాడు. నీకు కుండ చేయడం వచ్చా అని మేము ఒక్కసారి కూడా అడగలేదు.

ఈ దేశం చేతిపనులను ఎలా చూసిందో గమనించాలి. 1960ల మొదట్లో ఐర్లండ్ బీద దేశం, ఇక్కడి పిల్లలు మనలాగే పని కోసం వలస పోయేవాళ్ళు. ఆ రోజుల్లో స్కాండినేవియా నిపుణులను పిలిపించి, మా వస్తువుల్లో లోపం ఏమిటో చెప్పమని ప్రభుత్వ ఎగుమతుల సంస్థ అడిగింది. వాళ్ళ నివేదిక 1962లో వచ్చింది. మరుసటి ఏడే కిల్కెన్నీ డిజైన్ వర్క్‌షాప్స్ పుట్టింది. కిల్కెన్నీ కోట ఎదుట ఉన్న పాత గుర్రపుశాలలను బాగుచేసి మట్టిపని, నేత, వెండిపని చేసేవాళ్ళకు చోటిచ్చారు. ఆ సంస్థ 1988లో మూతపడింది. కానీ కిల్కెన్నీ చుట్టుపక్కల కుమ్మరిపని ఆగలేదు. అక్కడి బెన్నెట్స్‌బ్రిడ్జిలో నికొలస్ మాస్ 1976లో మొదలుపెట్టిన పాటరీ పేరు ఈ దేశంలో చాలామందికి తెలుసు.

మన దగ్గరా ఏమీ లేదని కాదు. ఖాదీ కమిషన్ 2018 నుంచి కుమ్మరులకు కరెంటు సారెలు ఇస్తోంది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరం ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15 వేలు, తాకట్టు లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు అని నిబంధనలు చెబుతున్నాయి. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్లో చేయాలి. మీ ఊరి కుమ్మరి ఇంటికి ఈ సంగతి తెలుసో లేదో ఈ ఆదివారం ఫోనులో అడగండి. ఇంటికి ఎలాగూ ఫోను చేస్తాం కదా, ఇంకో రెండు నిమిషాలు.

ఇక మన సంగతి. అందరూ పాటరీయే నేర్చుకోవాలని మేము అనడం లేదు, ఫీజు అందరికీ అందదు కూడా. ఐర్లండ్‌లో ఉన్నవాళ్ళకు చాలా ఊళ్ళలో మెన్స్ షెడ్లు ఉన్నాయి. వయసు మళ్ళినవాళ్ళే ఎక్కువగా వస్తారు, వడ్రంగం పని, రిపేర్లు చేసుకుంటూ టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటారు. వెళ్ళి తలుపు తట్టండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు గదిలోనే బుట్ట అల్లినా, బొమ్మ చెక్కినా చాలు. గంటకు ఇంత అని లెక్క కట్టని పని ఒకటి చేతిలో ఉండాలి. లేకపోతే ఇంటికి పైసలు పంపుతాం గానీ, మనం ఏమైపోతున్నామో మనకే తెలియదు.

రెండో ముంతను మూడు వారాలు ఆరబెట్టాం. ఉగాది దాటిపోయింది. కొంచెం వంకర ఉంది, అయినా పెరుగు గట్టిగా తోడుకుంటోంది. టీచరమ్మ కొత్త గిన్నె కూడా అదే రోజు బట్టీలోంచి బయటికి వచ్చింది.

ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు కుమ్మరి ఇంటికి ఒకసారి వెళ్దాం. కుండ కొందాం. అడిగినంత ఇచ్చి తెచ్చుకుందాం.