మొహమాట మెరుగని బిడ్డలు

మార్కాపురము పేరు చెప్పగానే తెలుగువారికి పలక జ్ఞప్తికి వచ్చును. ఈ సీమ రాతినుండి తీసిన పలకలమీద ఎన్ని తరముల పిల్లలు ఓనమాలు దిద్దిరో లెక్కలేదు. గురువు వ్రాసిన అక్షరముమీద బాలుడు నూరుమారులు బలపము నడుపును. తప్పినచో గురువు చేయిపట్టి నడిపించును. అక్షరము పుట్టుకతో వచ్చునని ఎవ్వరును అనుకొనలేదు గనుకనే ఈ ఏర్పాటు. కాని నలుగురిలో మెలగుతీరు మాత్రము ఎవ్వరును నేర్పకయే వచ్చునని లోకము నమ్మిక. చాలమందికి అది అట్లే వచ్చును. కొందరకు రాదు. ఆ కొందరకు అక్షరమువలెనే నడవడినిగూడ ఓర్పుతో దిద్దింపవచ్చునని నేటి పరిశోధనలు చెప్పుచున్నవి. ఆ మాట మార్కాపురము, గిద్దలూరు, కంభము, యెర్రగొండపాలెము ప్రాంతముల గడపలకు చేరవలసి యున్నది.

గిద్దలూరు చేరువ నొక పల్లెలో ఇరువదియేండ్ల యువకు నొకని ఊహింపుడు. గుంటూరునుండి నంద్యాలకు పోవు రైలుదారిలోని స్టేషనులన్నియు వరుసగా చెప్పగలడు. ఏ బండి ఏ వేళకు వచ్చునో తడుముకొనడు. కాని చుట్టాలయింటినుండి బయలుదేరునప్పుడు "పోతున్నా" అనును. ఇంటి పెద్దమ్మ ఉలికిపడి, "అట్లనకూడదు నాయనా, పోయొస్తా అనాల" అని మందలించును. "ఈరోజు మళ్ళ రాను గదా, పోయొస్తానని యెట్లంటా?" అని ఆతని ప్రశ్న. "మీ అమ్మానాయనా బాగుండారా?" అని యడిగినవారికి, "మా నాయన బాగలేడు, మొన్న అప్పులోళ్ళు ఇంటికొచ్చి అరిచిపోయినారు" అని ఉన్నది ఉన్నట్లు చెప్పును. తండ్రి తల వంచుకొనును. కుమారుడు పలికినదానిలో అసత్య మొక్కటియు లేదు. కాని అచట వారడిగినది ప్రశ్న కాదు, పలకరింపు. ఆ భేద మాతనికి తెలియదు.

తెలుగువారికి మొహమాట మను మాట యొకటి కలదు. ఎదుటివాని మొగము చూచి నోటి మాటను సవరించుకొనుట దాని తత్త్వము. ఆ మొగమున వ్రాసియున్నది చదువలేనివానికి మొహమాట మెట్లు కలుగును? ఊరు దానిని పొగరనును, తిక్కయనును, పెంపకము చాలదనును. వైద్యులు దానిని ఆటిజ మందురు.

1943వ సంవత్సరమున అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు బాలల తీరును వర్ణించి ఈ స్థితిని లోకమునకు తెలిపెను. మరుసటి యేడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇట్టి బాలలను గూర్చియే వ్రాసెను. అటుపిమ్మట చాలకాలము, తల్లికి బిడ్డపై మమత లేకపోవుటయే దీనికి హేతువని పాశ్చాత్య పండితులే కొందరు వాదించి, ఎందరో తల్లులను దోషులను చేసిరి. 1977లో ఇంగ్లండునందు ఫోల్‌స్టయిన్, రట్టర్ అను పరిశోధకులు ఇరువదియొక్క కవలల జంటలను పరీక్షించి, పుట్టుకతోనే వచ్చు కారణములకు ఇందు పెద్దపాలు గలదని చూపిరి. తల్లిపై నింద ఆ శాస్త్రమున నిలువలేదు. ఈ ప్రాంతపు ఇండ్లలో మాత్రము "కోడలికి పిల్లోణ్ణి పెంచడం రాదు" అను మాట ఇంకను వినవచ్చుచునే యున్నది.

ఇది ఎచటనో దూరదేశపు విషయమని త్రోసివేయుటకు వీలులేదు. భారతదేశమున హైదరాబాదుతో గూడ అయిదు ప్రాంతములలో రెండునుండి తొమ్మిదేండ్ల బాలలను పరీక్షించి 2018లో ప్రకటించిన పరిశోధనలో, రమారమి నూటికి ఒకరు ఈ స్థితి గలవారని తేలినది. ఆ లెక్కనుబట్టి చూచినచో అయిదువందలమంది చదువు ఉన్నతపాఠశాలలో అయిదుగు రుందురు. దీనిని కొలుచుటకు భారతదేశపు కొలమానమును సిద్ధపరచినది తెలుగుగడ్డమీద, సికింద్రాబాదున 1984లో నెలకొల్పబడిన జాతీయసంస్థయే. అందు నలువది అంశములు, ఆరు విభాగములు కలవు. మొదటి విభాగమే ఇతరులతో మెలగుటను గూర్చినది. కొలుచు గజము తెలుగుదేశముననే పుట్టినది. కొలిపించుకొనుటకు మాత్రము నల్లమల యంచునుండి కూలిడబ్బులు పోగొట్టుకొని నగరమునకు పోవలసి వచ్చుచున్నది.

పోనివారి సంగతి యేమి? "వాళ్ళ మేనమామకూ మాటలు ఆలస్యంగానే వచ్చినయి" అని మొదటి అయిదేండ్లు గడచును. చెన్నకేశవస్వామికి మ్రొక్కుకొని మరి రెండేండ్లు గడుపుదురు. మ్రొక్కు తప్పు కాదు. మ్రొక్కుతో ఊరకుండుట తప్పు. ప్రత్యేకావసరములు గల పిల్లలకై మండలములలో భవిత కేంద్రము లున్నవి. అచటి యుపాధ్యాయులు పాటుపడుచునే యున్నారు. కాని బడియీడు దాటినవాని కాధార మేది? పదునెనిమిదేండ్లు నిండినవాడు ఇంటి అరుగుమీద కూర్చుండిపోవును. బాలుడై యున్నప్పుడు ముద్దైన మాటయే యువకుడు పలికినపుడు తగవగును.

ఆడబిడ్డల విషయము మరియు దుఃఖకరము. తల యెత్తి చూడని పిల్లను, నలుగురితో కలియని పిల్లను ఈ సమాజము అణకువ గలదని మెచ్చుకొనును. ఆమె లోపలి కలవరము ఆ మెప్పుక్రింద దాగిపోవును. పెండ్లియైన పిదప అత్తవారింట అదే మౌనము నేరమగును. "పెళ్ళిచేస్తే అన్నీ సర్దుకుంటాయి" అని కుమారునకైనను కుమార్తెకైనను సంబంధము కుదుర్చుట ఒక జీవితపు చిక్కును రెండు జీవితములకు ముడివేయుటయే. ఈ స్థితి గలవారికి వివాహము తగదనుట కాదు. తమ సంగతి తాము తెలిసికొని, ఎదుటివారికి తెలిపి చేసికొనవలెను గాని, దానిని ఔషధముగా వాడరాదు.

మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలందురు. ఈ సామెతను నమ్మి యువకులను వదలివేయువారు కొన్ని పరిశోధనల నెరుగవలెను. లాస్ ఏంజిలిసునందు ఎలిజబెత్ లాగెసన్, ఆమె సహచరులు పదుమూడునుండి పదునేడేండ్ల పిల్లలు ముప్పదిమువ్వురకు పండ్రెండు వారములు స్నేహపు మెలకువలు నేర్పి, 2009లో ఫలితములు ప్రకటించిరి. సంభాషణలో నెట్లు చేరవలెను, ఎట్లు విరమింపవలెను, ఎగతాళి కెట్లు బదులీయవలెను అనునవి మెట్లుమెట్లుగా విడదీసి అభ్యసింపజేసిరి. తల్లిదండ్రులకు వేరుగా పాఠములు చెప్పిరి. పిల్లలకు తెలివిడి పెరిగినది. తోటివారిని ఇంటికి పిలుచుకొనుట పెరిగినది. 2012లో ఇట్టి శిక్షణలపై అయిదు పరీక్షలను కలిపి తూచినవారు, మెలగు నేర్పునందును స్నేహమునందును కొంత మేలు కలదనియు, ఇతరుల భావములను గుర్తించు శక్తి మాత్రము పెరిగినట్లు కనబడలేదనియు నిర్ణయించిరి. కనుక ఇది మంత్రము కాదు, దిద్దబాట. మ్రాను వంగకున్నను, దానికి పందిరి వేయవచ్చును.

అయితే ఆ యమెరికా పాఠములను తెనిగించి పంచిపెట్టిన చాలునా? చాలదు. తెలుగున నీవు, మీరు అను భేద మున్నది. వాడు, అతడు, ఆయన, వారు అను మెట్లున్నవి. ఎరుగనివానినైనను అన్నా, బాబాయ్, పెద్దాయనా అని వరుస కలిపి పిలువవలెను. వడ్డించునప్పుడు కావలసియున్నను మొదట వద్దనవలెను. "చూద్దాంలే" అన్నచో చాలమార్లు కాదనియే యర్థము. తెలుగుబిడ్డ కివి యన్నియు ఉగ్గుపాలతో వచ్చును. రానివానికి ఒక్కొక్కటియు వ్యాకరణ సూత్రమువలె విప్పి చెప్పవలెను. కొరియావా రా పాఠములను తమ మర్యాదలకు తగినట్లు మార్చుకొని, నలువది యేడుగురు పిల్లలపై పరీక్షించి 2014లో ఫలితములు వెలువరించిరి. తెలుగువారి కాపని యేల కాకూడదు? వైద్యులతోబాటు తెలుగు బోధించువారును కూర్చుండవలసిన పని యిది. మాటలో అర్థ మొకటి, ఆంతర్య మొకటి యుండుటను విడమరచి చెప్పుటయే గదా వారి వృత్తి.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. 2012లో కానీ కసారి, ఆమె సహచరులు అరువదిమంది బాలలపై చేసిన పరీక్షలో, ఆ బాలలకే నేర్పుటకంటె తరగతిలోని తోటిపిల్లలకు నేర్పుట ఎక్కువ ఫలించినది. ఒంటరిగా నిలిచినవాని నెట్లు ఆటలోనికి పిలువవలెనో తోటివారు నేర్చుకొనగా, ఆటస్థలమున ఆ యొంటరితనము తగ్గినది. ఆటిజము గల పండితుడే యగు డేమియన్ మిల్టన్ అదే సంవత్సరము మరియొక మాట యనెను: అపార్థము ఏకపక్షము కాదు, వారికి లోకము తెలియనట్లే లోకమునకు వారును తెలియరు. 2020లో ప్రకటితమైన పరీక్షలో, ఆటిజము గలవారు ఒకరినుండి మరియొకరికి విషయమును అందించుటలో ఇతరులకు తీసిపోలేదు. రెండు తెగలవారిని కలిపినప్పుడే విషయము జారిపోయినది. నోరు మంచిదైతే ఊరు మంచిదగు ననుట నిజమే. ఊరు మంచిదైనగాని కొందరి నోరు విచ్చుకొన దనుటయు నిజమే.

కొంద రిచట ఆక్షేపింతురు. వాన చాలని సీమ, వెలిగొండ నీటికై ఏండ్లతరబడి యెదురుచూచిన సీమ, కూలికై ఊళ్ళు విడిచిపోవు సీమ. ఇచట ఈ సుకుమారపు చింత యేల యని. సుకుమారము కానే కాదు. ముఖము చూచి మోసము గుర్తింపలేనివాని చేతి కూలిడబ్బులు ఎవడైనను కాజేయును. పోలీసు ప్రశ్నకు తడబడినవాడు దొంగ యనిపించుకొనును. పేదయింట ఇట్టివాడున్నచో కాచుకొని యుండుటకు తల్లి కూలి మానుకొనవలెను. పేదవానికే ఈ విద్య యెక్కువ యవసరము.

ధనము గలుగువరకు ఆగనక్కరలేదు. గోవాలోను పాకిస్తానునందలి రావల్పిండిలోను అరువదియైదు కుటుంబములతో జరిపి 2016లో ప్రకటించిన పరీక్షలో, తల్లిదండ్రులకు శిక్షణ నిచ్చినవారు వైద్యులు కారు. తర్ఫీదు పొందిన సామాన్యులు. అయినను తల్లిదండ్రులు బిడ్డల సైగల ననుసరించుట, బిడ్డలు తామై పలుకరించుట పెరిగినది. అది చిన్నపిల్లల విషయమే యైనను, సామాన్యులచేత ఈ పని సాగుననుట కొక నిదర్శనము. మార్కాపురమునను గిద్దలూరునను డిగ్రీ కళాశాలలు కలవు. వానియందు జాతీయ సేవాపథకపు విద్యార్థులు కలరు. ఆదివారపు పూట ఒక బడిగదియందు అయిదారుగురు యువకులు, వారి తల్లిదండ్రులు, నలుగురు విద్యార్థులు, దారిచూపుట కొక శిక్షితుడు కూడినచో చాలును. బస్సులో చిల్లర యడుగుట, మందుల దుకాణమున మాటలాడుట, అప్పడిగినవానికి లేదనుట, చావింట నేమి పలుకవలెనో యెరుగుట పాఠములు కావలెను.

పరుల వేషము వేయించుట మాత్రము ఈ చదువునకు గమ్యము కారాదు. కన్నులలోనికి చూడుమని బలవంతపెట్టి, చేతులూపుట మాన్పించి, ఇష్టమైన రైళ్ళముచ్చట ఆపించి సాధించినది మర్యాద కాదు, నిర్బంధము. వానికి కావలసినంత నేర్పుట, వానికి తగినట్లు తాము మారుట రెండును జరుగవలెను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది. సర్కారు కొలువులలో ఈ స్థితి గలవారికిని మరికొన్ని వర్గములవారికిని కలిపి నూటికి ఒక పాలు కేటాయించినది. కాని కొలువు వచ్చిననాడు ప్రక్కబల్లవాడు పలుకరింపనిచో ఆ హక్కు కాగితముననే నిలుచును.

మార్కాపురపు పలకపై తప్పిన అక్షరమును చూచి గురువు పలకను పారవేయలేదు; తుడిచి, మరల వ్రాసి, చేయి పట్టెను. "పోతున్నా" అని బయలుదేరిన పిల్లవానికి "పోయొస్తా" అనుట నిదానముగా నేర్పవచ్చును. నేర్చువరకు, ఆ గడపలోని పెద్దమ్మయే "పోయిరా నాయనా" అన్నచో శకునమునకు లోటు రాదు.